ఈక్వటోరియల్ మౌంట్‌ను ధ్రువానికి సరిచేసి, గురి కుదుర్చుకోవడం ఎలా?

టెలిస్కోప్ కొత్తగా కొనుక్కున్నవారు నన్ను అడిగే ప్రశ్నల్లో ఒకటి మాత్రం ఎప్పుడూ మారదు. మోటార్లు ఉన్నాయి, హ్యాండ్ కంట్రోలర్ ఉంది, శని అని నొక్కితే గొట్టం తిరిగి ఎక్కడో ఆగుతుంది, కానీ ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) శని కనిపించదు. వెతికి పట్టుకున్నా కాసేపటికే పక్కకు జారిపోతుంది. లోపం ఎక్కడుంది?

ఇందులో ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. గొట్టం తప్పు చోట ఆగడం గురికి సంబంధించినది. దానికి కారణం చాలావరకు కంట్రోలర్‌కు మనం ఇచ్చిన వివరాల్లో గానీ, నక్షత్రాలతో చేసే అలైన్‌మెంట్‌లో (తెలిసిన నక్షత్రాలను చూపి కంట్రోలర్‌కు ఆకాశాన్ని పరిచయం చేయడంలో) గానీ ఉంటుంది. పట్టుకున్న వస్తువు జారిపోవడం ట్రాకింగ్‌కు, అంటే ఆకాశపు కదలికను టెలిస్కోప్ వెంబడించడానికి సంబంధించినది. దానికి ప్రధాన కారణం మౌంట్ (టెలిస్కోప్‌ను మోసి తిప్పే పీఠం) అక్షం ఖగోళ ధ్రువం (ఆకాశం తన చుట్టూ తిరుగుతున్నట్టు కనిపించే బిందువు) వైపు లేకపోవడం. కంట్రోలర్‌లో ఎన్ని నక్షత్రాలతో అలైన్‌మెంట్ చేసినా వంకరగా నిలబడిన అక్షం చక్కబడదు. అలాగే అక్షాన్ని ఎంత చక్కగా నిలిపినా, తేదీ తప్పుగా ఇస్తే గురి కుదరదు. అందుకే కింద చెప్పిన వరుసను మార్చకుండా పని చేయమని కోరుతున్నాను: ముందు ఇనుము, తరువాత ధ్రువం, చివరగా కంట్రోలర్.

తెలుసుకోవలసిన సిద్ధాంతం కొంచెమే. భూమి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలో తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతుంది కనుక ఆకాశమంతా ధ్రువ బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. మౌంట్‌లోని ప్రధాన అక్షం, అంటే అందరూ ఆర్‌ఏ (రైట్ అసెన్షన్) అని పిలిచే అక్షం, ఆ బిందువు వైపే చూస్తూ ఉంటే, ఆ ఒక్క అక్షాన్ని అదే వేగంతో ఎదురు తిప్పితే చాలు, నక్షత్రం ఐపీస్‌లో నిలిచిపోతుంది. ఇలా పనిచేసేదే ఈక్వటోరియల్ మౌంట్. ఉత్తరార్ధగోళంలో ఆ బిందువు నిజమైన ఉత్తర దిశలో, మీరున్న చోటి అక్షాంశం ఎన్ని డిగ్రీలో అన్ని డిగ్రీల ఎత్తులో ఉంటుంది.

ఎంత కచ్చితంగా చేయాలి?

మొదలుపెట్టే ముందే ఇది తేల్చుకోవాలి, లేకపోతే చూడవలసిన రాత్రంతా బోల్టులు తిప్పడంలోనే గడిచిపోతుంది. అక్షం ధ్రువానికి ఒక ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) దూరంలో ఉంటే, నక్షత్రం ఉత్తర దక్షిణ దిశలో నిమిషానికి గరిష్ఠంగా 0.26 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు) జారుతుంది. తప్పు అర డిగ్రీ ఉంటే ఆ జారుడు నిమిషానికి సుమారు 8 ఆర్క్ సెకన్లు. 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోప్‌లో 10 మి.మీ. సాధారణ ఐపీస్ పెడితే 100 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది, కనిపించే ఆకాశం వెడల్పు దాదాపు అర డిగ్రీ ఉంటుంది. అంటే అర డిగ్రీ తప్పుతో నిలబెట్టిన మౌంట్‌పై కూడా, మధ్యలో ఉన్న గ్రహం ఆ తప్పు వల్ల అంచుకు చేరడానికి గంటన్నరకు పైగా పడుతుంది. కంటితో చూడడమే మీ ఉద్దేశమైతే కింది అంచెల్లో ఆరవదాన్ని నిశ్చింతగా వదిలేయండి. ఫొటోలు తీయాలనుకునేవారికి మాత్రం లెక్క వేరు: 5 ఆర్క్ నిమిషాల తప్పు ఉన్నా 2 నిమిషాల ఎక్స్‌పోజర్‌లో నక్షత్రం సుమారు 2.6 ఆర్క్ సెకన్లు సాగుతుంది.

కావలసినవి

మౌంట్, ట్రైపాడ్, బరువులు, టెలిస్కోప్ ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు రసమట్టం, దిక్సూచి ఉన్న ఫోను, ధ్రువ నక్షత్రం ప్రస్తుత స్థానాన్ని చూపించే ఏదైనా యాప్, ఎర్ర కాంతి టార్చి, తక్కువ పవరు ఐపీస్ ఒకటి (25 మి.మీ. ప్రాంతం), ఎక్కువ పవరుది ఒకటి (10 మి.మీ. ప్రాంతం) దగ్గర పెట్టుకోండి. మీరున్న చోటి అక్షాంశ రేఖాంశాలను ముందే కాగితం మీద రాసుకోండి. అడ్డుగీతలు వెలిగే రెటికల్ ఐపీస్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. దాని బదులు ఏం చేయాలో ఎనిమిదవ అంచెలో చెబుతాను.

1. ట్రైపాడ్‌ను గట్టి నేల మీద నిలబెట్టండి

మెత్తటి మట్టి మీద కాళ్లు కుంగుతాయి, మేడ మీద నడిస్తే అడుగుల అదురు ఐపీస్‌లో కనిపిస్తుంది. గట్టి నేల దొరకకపోతే ఒక్కో కాలి కింద చదునైన పలక పెట్టండి. కాళ్లను పూర్తిగా పొడవు లాగకండి. ఎత్తు తగ్గితే వంగి చూడవలసి వస్తుంది కానీ మౌంట్ స్థిరంగా ఉంటుంది. ఉత్తరం వైపు ఉండాలని గుర్తు పెట్టిన కాలును ఉత్తరానికి తిప్పి, రసమట్టంతో పైభాగాన్ని సమం చేయండి.

సమం చేయకపోతే ధ్రువానికి సరిచేయడం కుదరదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అక్షం ధ్రువం వైపు ఉన్నంత కాలం ట్రైపాడ్ ఎంత వంగి ఉన్నా ట్రాకింగ్ సరిగానే జరుగుతుంది. అయినా సమం చేయమనడానికి కారణం వేరే ఉంది. ట్రైపాడ్ వంగి ఉంటే ఎత్తు బోల్టు తిప్పినప్పుడు దిశ కూడా కొద్దిగా మారుతుంది, దిశ బోల్టు తిప్పినప్పుడు ఎత్తు మారుతుంది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతూ, తరువాతి అంచెలన్నీ విసుగు పుట్టిస్తాయి.

2. పగటి వెలుగులోనే ఫైండర్‌ను, పోలార్ స్కోప్‌ను సరిచూడండి

కనీసం అర కిలోమీటరు దూరంలో ఉన్న టవరు కొననో, స్తంభం చివరనో తక్కువ పవరు ఐపీస్ మధ్యకు తెచ్చి, క్లచ్‌లు (అక్షాలను కదలకుండా పట్టే బిగింపులు) బిగించి, ఫైండర్ (గొట్టం మీదుండే చిన్న గురి దూరదర్శిని) మరలతో అదే కొనను అడ్డుగీతల మీదికి తెండి. తరువాత ఎక్కువ పవరు ఐపీస్ పెట్టి మళ్లీ చేయండి. మరలు బిగించేటప్పుడు ఫైండర్ కొద్దిగా జరుగుతుంది కనుక బిగించిన తరువాత ఇంకోసారి చూడాలి.

హెచ్చరిక: ఈ పని చేసేటప్పుడు సూర్యుడు మీ వెనుక ఉండాలి. గొట్టం గానీ ఫైండర్ గానీ ఒక్క క్షణం సూర్యుడి వైపు తిరిగినప్పుడు కన్ను పెట్టి ఉంటే చూపు శాశ్వతంగా పోతుంది. పిల్లలు దగ్గర ఉంటే ఫైండర్‌కు మూత పెట్టకుండా పక్కకు వెళ్లకండి.

మౌంట్‌లో పోలార్ స్కోప్ (ఆర్‌ఏ అక్షం లోపలి నుంచి ధ్రువాన్ని చూసే చిన్న దూరదర్శిని) ఉంటే, దాని చూపు ఆర్‌ఏ అక్షంతో కలిసి ఉందో లేదో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఇది చాలామంది వదిలేసే పని. అక్షాన్ని వీలైనంత కిందికి దించి, దూరపు కొనను పోలార్ స్కోప్ అడ్డుగీతల కూడలికి తీసుకురండి. ఇప్పుడు ఆర్‌ఏ క్లచ్ వదులు చేసి అక్షాన్ని సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు, తిప్పండి. కొన కూడలి మీదే ఉంటే మీరు అదృష్టవంతులు. పక్కకు జరిగితే, జరిగిన దూరంలో సగాన్ని పోలార్ స్కోప్ చుట్టూ ఉన్న మూడు చిన్న మరలతోను, మిగిలిన సగాన్ని మౌంట్ ఎత్తు, దిశ బోల్టులతోను సరిచేసి, మళ్లీ 180 డిగ్రీలు తిప్పి చూడండి. మూడు నాలుగు విడతల్లో కుదురుతుంది. ఈ మరలను పావు చుట్టు కంటే తక్కువగా, ఒకటి వదులు చేస్తూ ఎదురుది బిగిస్తూ తిప్పాలి. అన్నీ ఒకేసారి వదులు చేస్తే రెటికల్ (అడ్డుగీతల పలక) లోపల పడిపోతుంది, దాన్ని తిరిగి కూర్చోబెట్టడం కష్టం.

3. బరువులు సమతూకం చేయండి

ముందు బరువు కడ్డీకి బరువులు ఎక్కించి, చివరనున్న భద్రతా మర పెట్టిన తరువాతే గొట్టాన్ని బిగించండి. విప్పేటప్పుడు ఈ వరుస తలకిందులవుతుంది: ముందు గొట్టం, తరువాత బరువులు. కడ్డీని నేలకు సమాంతరంగా తెచ్చి, ఒక చేత్తో గొట్టాన్ని పట్టుకుని, ఆర్‌ఏ క్లచ్ వదులు చేయండి. ఎటు వంగుతుందో చూసి బరువులు జరపండి. అలాగే డెక్లినేషన్ అక్షం (ఆర్‌ఏకు లంబంగా ఉండే రెండో అక్షం) క్లచ్ వదులు చేసి, గొట్టాన్ని పట్టీల్లో ముందుకో వెనక్కో జరపండి. రాత్రి వాడబోయే ఐపీస్, ఫైండర్, కెమెరా అన్నీ ఇప్పుడే పెట్టి ఉండాలి. సమతూకం తప్పిన మౌంట్‌లో మోటారు ఒక వైపు కష్టపడుతుంది, గేర్లు జారినా జారవచ్చు; అప్పుడు మీరు ఎంత జాగ్రత్తగా అలైన్‌మెంట్ చేసినా నిలవదు.

4. అక్షాన్ని స్థూలంగా ధ్రువం వైపు తిప్పండి

మౌంట్ పక్కనున్న అక్షాంశ స్కేలు మీ అక్షాంశాన్ని చూపేలా ఎత్తు బోల్టులు తిప్పండి. స్కేలు ఒకటి రెండు డిగ్రీలు తప్పు చూపడం మామూలే కనుక దాన్ని ఆరంభానికి మాత్రమే నమ్మండి. దిశకు ఫోను దిక్సూచి వాడితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం. నిజమైన ఉత్తరానికీ దానికీ ఉన్న తేడా, అంటే దిక్పాతం, ప్రాంతాన్ని బట్టి కొన్ని డిగ్రీల వరకు, కొన్నిచోట్ల అంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది. ఫోను సెట్టింగుల్లో నిజ ఉత్తరాన్ని ఎంచుకోండి. ఇంకా, ఇనుప బరువుల పక్కన, మోటార్ల పక్కన పెట్టిన దిక్సూచి అబద్ధం చెబుతుంది; మౌంట్‌కు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి దిశ చూసుకోండి.

చీకటి పడ్డాక ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోండి. సప్తర్షి మండలంలో గిన్నె అంచున ఉన్న పులహ, క్రతువు అనే రెండు నక్షత్రాలను కలిపే గీతను క్రతువు వైపు ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం దగ్గరికి చేరుతుంది. సప్తర్షులు లేని వేళల్లో ఎదురు వైపున శర్మిష్ఠ కనిపిస్తుంది. ధ్రువ నక్షత్రం ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశవంతమైనదని అనుకుని వేరే దాన్ని పట్టుకునేవారు ఎక్కువ. నిజానికి అది సుమారు 2వ ప్రకాశ తరగతికి (ఈ అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గుతుంది) చెందిన మామూలు నక్షత్రం, కాకపోతే దాని చుట్టుపక్కల అంత కాంతి గలవి లేవు.

ట్రైపాడ్‌ను కదిలించి, తరువాత బోల్టులతో, ధ్రువ నక్షత్రం పోలార్ స్కోప్‌లోకి వచ్చేలా చేయండి. పోలార్ స్కోప్ లేకపోతే కడ్డీ కిందికి, గొట్టం ధ్రువం వైపు ఉండేలా పెట్టి, డెక్లినేషన్ 90 డిగ్రీల దగ్గర బిగించి, ఫైండర్‌లోంచి చూస్తూ ఇదే పని చేయండి. ఇక్కడ గొట్టాన్ని కదపకూడదు. నక్షత్రాన్ని మధ్యకు తేవలసింది ఎత్తు, దిశ బోల్టులతోనే తప్ప క్లచ్‌లు వదులు చేసి కాదు, కంట్రోలర్ బాణాలతో అసలే కాదు.

5. ధ్రువ నక్షత్రాన్ని దాని చోట నిలపండి

ధ్రువ నక్షత్రం ధ్రువ బిందువు మీద లేదు. దానికి సుమారు 0.63 డిగ్రీల దూరంలో, అంటే పూర్ణచంద్రుడి వెడల్పు కంటే ఎక్కువ దూరంలో ఉండి, రోజుకొకసారి ఆ బిందువు చుట్టూ తిరుగుతుంది. నక్షత్రాన్ని కూడలి మీదే పెడితే మీ తప్పు అంతే ఉంటుంది. పై లెక్క ప్రకారం కంటితో చూసేవారికి ఇది కూడా చాలు.

మరింత బాగా కావాలంటే యాప్ తెరిచి, ఈ క్షణంలో ధ్రువ నక్షత్రం ఆ చిన్న వలయం మీద గడియారంలో ఏ గంట దగ్గర ఉందో చూసి, పోలార్ స్కోప్‌లోని వలయంపై సరిగ్గా ఆ గంట దగ్గరికి తీసుకురండి. కొన్ని రెటికల్స్‌లో ఒకే వలయం బదులు సంవత్సరాలు రాసిన సన్నని వలయాలు ఉంటాయి. ధ్రువ నక్షత్రం ధ్రువ బిందువుకు ఏటికేడు కొద్దిగా దగ్గరవుతోంది, ఈ దగ్గరవడం సుమారు 2100 వరకు సాగుతుంది. మీ సంవత్సరానికి సరిపడే వలయాన్నే వాడండి.

ఈ అంచెలో జరిగే పొరపాట్లు మూడు. మామూలు పోలార్ స్కోప్ బొమ్మను తలకిందులుగా చూపుతుంది, కంటికి పైన కనిపించేది అందులో కింద కనిపిస్తుంది; కొన్ని యాప్‌లు స్కోప్‌లో కనిపించే విధంగా, కొన్ని కంటికి కనిపించే విధంగా గీసి చూపుతాయి, మీది ఏదో సెట్టింగుల్లో చూసుకోండి. అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది: ధ్రువ బిందువు ధ్రువ నక్షత్రం నుంచి కోకాబ్ వైపు ఉంటుంది. లఘు సప్తర్షి మండలంలో ధ్రువ నక్షత్రం తరువాత ప్రకాశవంతమైనది కోకాబే కనుక కంటితో గుర్తించవచ్చు. రెండోది, రెటికల్ దీపాన్ని ఎక్కువ వెలుగులో పెడితే ఎర్రటి గీతల్లో నక్షత్రమే మునిగిపోతుంది. గీతలు కనిపించీ కనిపించనట్టు ఉండాలి. మూడోది, కొన్ని మౌంట్లలో డెక్లినేషన్ అక్షం లోపలి రంధ్రం ఎదురుగా లేకపోతే పోలార్ స్కోప్‌లో చీకటి తప్ప ఏమీ కనిపించదు. స్కోప్ పాడైందని అనుకోకుండా డెక్లినేషన్‌ను 90 డిగ్రీలు తిప్పి చూడండి.

బోల్టుల విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. దిశ బోల్టులు రెండూ ఎదురెదురుగా నొక్కుతుంటాయి. ఒకదాన్ని వదులు చేయకుండా రెండోదాన్ని తిప్పితే మర పాడవుతుంది. ఎత్తు సరిచేసేటప్పుడు కావలసిన దానికంటే కొంచెం కిందికి దించి, చివరి కదలిక పైకి ఎత్తుతూ ముగించండి. లేకపోతే బరువుకు అక్షం తరువాత మెల్లగా కిందికి దిగుతుంది. అన్నీ బిగించిన తరువాత పోలార్ స్కోప్‌లో మళ్లీ చూడండి. బిగింపులో నక్షత్రం జరగని మౌంట్ అరుదు.

6. డ్రిఫ్ట్ పద్ధతి: ఫొటోలు తీసేవారికి, ధ్రువ నక్షత్రం కనబడనివారికి

ఉత్తరాన భవనమో చెట్టో అడ్డుంటే, లేదా పోలార్ స్కోప్ ఇచ్చే కచ్చితత్వం చాలకపోతే, ఈ పద్ధతి వాడండి. ఓపిక కావాలి కానీ ఫలితం నమ్మదగినది, ఎందుకంటే ఇది ఏ స్కేలునూ రెటికల్‌నూ నమ్మదు, నేరుగా నక్షత్రం కదలికనే చూస్తుంది.

ముందు ట్రాకింగ్‌ను నక్షత్ర వేగంలో పెట్టండి. దక్షిణాన, నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే రేఖకు, అంటే మెరిడియన్‌కు దగ్గరగా, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే రేఖకు) 10 డిగ్రీల లోపున ఉన్న నక్షత్రాన్ని ఎక్కువ పవరు ఐపీస్‌లో మధ్యన నిలపండి. ఐపీస్‌లో దక్షిణం ఏ వైపో మీకు తెలియాలి. అద్దాల వల్ల బొమ్మ తిరగబడుతుంది కనుక ఊహించకండి. గొట్టం ముందు భాగాన్ని వేలితో చాలా మెల్లగా ధ్రువం వైపు నొక్కండి: నక్షత్రం ఏ వైపుకు జరిగిందో అదే దక్షిణం. ఇప్పుడు 5 నిమిషాలు ఆగి, తూర్పు పడమరల జారుడును లెక్కలోకి తీసుకోకుండా, ఉత్తర దక్షిణ జారుడు మాత్రమే చూడండి.

ఉత్తరార్ధగోళంలో, మెరిడియన్ దగ్గరి నక్షత్రం దక్షిణానికి జారితే అక్షం తూర్పుకు ఎక్కువ తిరిగి ఉంది, దిశ బోల్టులతో పడమరకు తిప్పండి. ఉత్తరానికి జారితే అక్షం పడమరకు ఎక్కువ ఉంది, తూర్పుకు తిప్పండి.

దిశ కుదిరాక తూర్పున, దిగంతానికి 20 నుంచి 30 డిగ్రీల ఎత్తులో, మధ్యరేఖకు దగ్గరగా ఉన్న నక్షత్రానికి వెళ్లండి. అది దక్షిణానికి జారితే అక్షం తక్కువ ఎత్తులో ఉంది, పైకి ఎత్తండి. ఉత్తరానికి జారితే ఎక్కువ ఎత్తులో ఉంది, దించండి. తూర్పు మూసుకుపోయి పడమర నక్షత్రం వాడితే ఈ ఎత్తు నియమం తలకిందులవుతుంది.

ఎంత తిప్పాలో మొదట తెలియదు. జారుడు ఎదురు దిశకు మారేంత ధైర్యంగా తిప్పి, తరువాత అందులో సగం వెనక్కి, మళ్లీ అందులో సగం, ఇలా దగ్గరవండి. భయపడుతూ కొసరి కొసరి తిప్పితే గంట పడుతుంది. ఎత్తు మార్చిన తరువాత దిశను మరోసారి చూడాలి. కంప్యూటరూ కెమెరా ఉన్నవారికి ఇంతకంటే తొందరగా అయ్యే మార్గం ఉంది: ఫొటోలోని నక్షత్రాలను గుర్తించి ధ్రువం ఎంత దూరంలో ఉందో చెప్పే సాఫ్ట్‌వేర్లు ఆర్‌ఏను తిప్పుతూ తీసిన రెండు మూడు ఫొటోలతో తప్పును ఆర్క్ నిమిషాల్లో చూపిస్తాయి. కెమెరా ఉంటే నేను వాటినే సిఫారసు చేస్తాను.

7. కంట్రోలర్‌కు సరైన వివరాలు ఇవ్వండి

మౌంట్‌ను హోమ్ స్థితిలో, అంటే కడ్డీ నేల వైపు, గొట్టం ధ్రువం వైపు ఉండేలా పెట్టి ఆన్ చేయండి. కొన్ని కంట్రోలర్లు తేదీని నెల, రోజు, సంవత్సరం వరుసలో అడుగుతాయి. 5వ తేదీ, 8వ నెల అనుకుని ఇచ్చింది 8వ తేదీ, 5వ నెలగా మారితే ఆకాశమే మూడు నెలలు వెనక్కి పోతుంది. మీ దగ్గర వేసవి సమయం పాటించకపోతే డేలైట్ సేవింగ్ ఆపి ఉంచండి. ఆ ఒక్క గంట తప్పితే గురి 15 డిగ్రీలు తప్పుతుంది. కాల మండలం అరగంట తేడాతో ఉన్న చోట ఆ అరగంటను మరచిపోతే ఏడున్నర డిగ్రీలు. రేఖాంశానికి తూర్పా పడమరా అన్నది చూసి మరీ నొక్కండి. గడియారంలో ఒక నిమిషం తేడాకు పావు డిగ్రీ చొప్పున లెక్క, కాబట్టి ఫోనులోని సమయాన్ని చూసి పెట్టండి.

8. నక్షత్రాలతో అలైన్‌మెంట్ చేయండి

మొదట రెండు నక్షత్రాలను మెరిడియన్‌కు ఒకే వైపున, ఒకదానికొకటి కనీసం 40 డిగ్రీల దూరంలో ఎంచుకోండి. మూడో నక్షత్రానికి అవకాశం ఉంటే దాన్ని మెరిడియన్‌కు అవతలి వైపు తీసుకోండి. గొట్టం డెక్లినేషన్ అక్షానికి సరిగ్గా లంబంగా లేకపోవడం వల్ల వచ్చే తప్పును, అంటే కోన్ తప్పును, కంట్రోలర్ దాని ద్వారానే పసిగడుతుంది. ధ్రువానికి మరీ దగ్గరగా ఉన్నవి, దిగంతానికి 20 డిగ్రీల లోపు ఉన్నవి వద్దు. వాతావరణ వక్రీభవనం దిగంతం దగ్గర నక్షత్రాన్ని అర డిగ్రీకి పైగా, 10 డిగ్రీల ఎత్తులో 5 ఆర్క్ నిమిషాల మేర పైకెత్తి చూపుతుంది. 45 డిగ్రీల ఎత్తులో అది ఒక్క ఆర్క్ నిమిషమే.

తెరపై వేగా అని వస్తే అభిజిత్తు, ఆర్క్‌ట్యూరస్ అంటే స్వాతి, స్పైకా అంటే చిత్ర, ఆల్డెబరాన్ అంటే రోహిణి, రెగ్యులస్ అంటే మఖ, ఆల్టెయిర్ అంటే శ్రవణం, అంటారెస్ అంటే జ్యేష్ఠ, కపెల్లా అంటే బ్రహ్మహృదయం. ఆకాశంలో నక్షత్రాన్ని ముందు మీ కంటితో గుర్తించి, తరువాతే ఫైండర్‌లో చూడండి. పునర్వసు జంట దగ్గర పొరపాటు చాలా సులభం: క్యాస్టర్, పోలక్స్ మధ్య దూరం నాలుగున్నర డిగ్రీలే, ఒకదాని బదులు ఇంకొకటి పట్టుకుంటే రాత్రంతా గురి అంతే తప్పుతుంది. కొంచెం ఎక్కువ కాంతితో లేత నారింజ రంగులో ఉండేది పోలక్స్. తెల్లగా ఉండి, ఎక్కువ పవరులో రెండుగా విడిపోయేది క్యాస్టర్.

నక్షత్రాన్ని ఫైండర్‌లో మధ్యకు, తరువాత తక్కువ పవరు ఐపీస్‌లో, చివరికి ఎక్కువ పవరు ఐపీస్‌లో మధ్యకు తేవాలి. రెటికల్ లేనివారు ఫోకస్‌ను చెడగొట్టి నక్షత్రాన్ని పెద్ద వెలుగు బిళ్లగా మార్చి, దాని చుట్టూ నల్లటి అంచు అన్ని వైపులా సమానంగా ఉండేలా చూస్తే మధ్య ఎక్కడుందో చక్కగా తెలుస్తుంది.

గేర్ల మధ్య ఉండే ఖాళీ వల్ల, బాణం ఎదురు దిశకు మార్చిన వెంటనే గొట్టం కదలదు. కాబట్టి ప్రతి నక్షత్రానికీ చివరి కదలిక అవే రెండు బాణాలతో ముగియాలి. చాలా కంట్రోలర్లకు అవి పైకి, కుడికి. నక్షత్రం మధ్యను దాటిపోతే ఎదురు బాణంతో సర్దకండి, బాగా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ అదే రెండు బాణాలతో రండి. గురి బాగా కుదిరిన మౌంట్‌కూ కుదరని మౌంట్‌కూ మధ్య తేడా ఎక్కువసార్లు ఈ ఒక్క అలవాటులోనే ఉంటుంది.

అలైన్‌మెంట్ అయ్యాక ఎత్తు, దిశ బోల్టులను ముట్టుకుంటే, క్లచ్ వదులు చేస్తే, ట్రైపాడ్ కాలికి తగిలితే, ఈ అంచె మళ్లీ మొదటి నుంచి చేయాలి.

దక్షిణార్ధగోళంలో ఉన్నవారికి

దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్న సిగ్మా ఆక్టాంటిస్ 5.4 ప్రకాశ తరగతిది, నగరాల్లో కంటికి కనబడదు. అందువల్ల డ్రిఫ్ట్ పద్ధతిగానీ కెమెరా పద్ధతిగానీ వాడడం మేలు. డ్రిఫ్ట్ నియమాల్లో ఉత్తరం, దక్షిణం అన్న మాటలను ఒకదానికొకటి మార్చి చదువుకోవాలి. మెరిడియన్ నక్షత్రాన్ని ఉత్తరపు ఆకాశంలో తీసుకోవాలి.

ఫలితాన్ని సరిచూడడం

అలైన్‌మెంట్‌లో వాడని ప్రకాశవంతమైన నక్షత్రాలను, మెరిడియన్‌కు ఈవల ఒకటి, ఆవల ఒకటి ఎంచుకుని కంట్రోలర్‌తో వాటి దగ్గరికి వెళ్లండి. 25 మి.మీ. ఐపీస్‌లో రెండూ కనిపిస్తే కంటితో చూసేవారికి పని ముగిసినట్టే, 10 మి.మీ. ఐపీస్‌లో కూడా కనిపిస్తే బాగా కుదిరినట్టు. ట్రాకింగ్‌ను పరీక్షించడానికి ఖగోళ మధ్యరేఖ దగ్గరి నక్షత్రాన్ని ఎక్కువ పవరులో మధ్యన పెట్టి, గొట్టాన్ని ముట్టుకోకుండా అరగంట వదిలేయండి.

ఫలితం బాగా రాకపోతే తప్పు స్వభావాన్ని బట్టి కారణం వెతకండి. అన్ని చోట్లా ఒకే వైపుకు, ఒకే మేరకు తప్పుతుంటే సమయం, తేదీ, రేఖాంశం చూడండి, లేదా అలైన్‌మెంట్‌లో తప్పు నక్షత్రాన్ని పట్టుకున్నారు. మెరిడియన్‌కు ఒక వైపు సరిగా ఉండి అవతల తప్పుతుంటే అది కోన్ తప్పు. గొట్టం పట్టీ కింద పలుచని పలక పెట్టి సరిచేయవచ్చు, లేదా మూడో నక్షత్రాన్ని జోడించాలి. గురి మొదట బాగుండి గంట తరువాత చెడితే ఏదో ఒక మర వదులైంది, లేదా కాలు కుంగింది. నక్షత్రం ఉత్తర దక్షిణాలుగా జారితే ధ్రువం కుదరలేదు, ఐదవ అంచెకు వెళ్లండి. తూర్పు పడమరలుగా ఊగుతూ, కొన్ని నిమిషాలకు మళ్లీ మొదటి చోటికి వస్తుంటే అది గేరు తయారీలోని లోపం. అలైన్‌మెంట్‌తో పోదు, ఆటోగైడర్‌తో (నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దే చిన్న కెమెరాతో) తగ్గుతుంది. ఎడతెరిపి లేకుండా పడమరకే జారుతుంటే ట్రాకింగ్ ఆగి ఉంది లేదా వేగం చంద్రుడికో సూర్యుడికో పెట్టి ఉంది.

పుస్తకం నుంచి నిర్దేశాంకాలు తీసుకుని నేరుగా కంట్రోలర్‌లో ఇచ్చేవారు అవి ఏ సంవత్సరానివో చూడాలి. భూ అక్షపు అయన చలనం వల్ల నక్షత్రాల స్థానాలు ఏటా 50 ఆర్క్ సెకన్ల వరకు మారతాయి కనుక, 2000 నాటి అంకెలను నేటివిగా భావించి ఇస్తే 20 ఆర్క్ నిమిషాలకు పైగా తేడా రావచ్చు.

ఒకే చోట నుంచి తరచుగా చూసేవారు అన్నీ కుదిరిన రాత్రి ట్రైపాడ్ కాళ్ల చుట్టూ నేల మీద రంగుతో గుర్తులు పెట్టి, కాళ్ల పొడవును కూడా గీత గీసి ఉంచండి. మౌంట్‌ను విప్పేటప్పుడు ఎత్తు బోల్టును కదిలించకండి. మరునాడు కాళ్లను గుర్తుల మీద నిలిపితే నాలుగవ అంచె దాదాపు పూర్తయి ఉంటుంది, నేరుగా ఐదవదానితో మొదలుపెట్టవచ్చు.